ఉత్తమ పురుషలో

దుబాసీకి మొదటి నియమం:
"ఆయన అన్నాడు, ఆవిడ అంది" అనకూడదు.
"నాకు నొప్పి" అని అతనంటే
నేనూ "నాకు నొప్పి" అనాలి.
బళ్లో వ్యాకరణం పంతులు దీన్నే ఉత్తమ పురుష అన్నారు.
అందులో ఉత్తమం ఏమిటో అప్పుడు అడగలేదు.

పెర్త్ శివారు, కానింగ్ వేల్.
బట్టలుతికే గదిలో చిన్న బల్ల, చెవికి ఫోను.
అవతల నగరం నడిమధ్య హోటలు,
పద్నాలుగు రోజుల గదులు, తెరుచుకోని కిటికీలు.
విమానం దిగినవాళ్లని నర్సు అడుగుతుంది,
నేను తెలుగులో అడుగుతాను:
జ్వరముందా? గొంతు మండుతోందా?
సబ్బు వాసన తెలుస్తోందా?
"క్లోజ్ కాంటాక్ట్"కి మాట దొరక్క
ఓసారి "దగ్గరివాళ్లు" అన్నాను.
"మాకిక్కడ దగ్గరివాళ్లెవరూ లేరండీ"
అందొక పిల్ల, ఏడ్చింది.
ఆ రోజు నుంచి
"మీరు వదిలిన గాలి పీల్చినవాళ్లు" అంటున్నాను.

ఒక మంగళవారం, పదకొండో అంతస్తు.
మైలపల్లి దానయ్య, ఓడ ఇంజను గది మనిషి.
సింగపూర్ మీదుగా వచ్చాడు,
ఫ్రీమాంటిల్ రేవులో ఇంకో ఓడ ఎక్కాలి.
అన్నిటికీ నేదు, నేదు, నేదు.
నర్సు కాగితం తిప్పే చప్పుడు.
అంతలో గొంతు తగ్గించి,
"తల్లీ, నీది మన బాసే కదా.
రెండ్రోజుల్నించి దగ్గు.
మాత్రేసుకున్నాను, ఒళ్లు సల్లబడింది.
ఇది మాత్రం ఆవిడికి సెప్పకు.
వోడ తప్పితే నా కాంట్రాక్టు పోద్ది."

విన్నదేదీ మింగకూడదు. అది రెండో నియమం.

నాలుగు సెకన్లు.
ఎన్నడూ చూడని ఇంజను గది కనిపించింది:
ఇరవై మూడు మంది, ఒకటే గాలి,
చుట్టూ తొమ్మిది రోజుల నీళ్లు, వైద్యుడు లేడు.
నాకే కనిపిస్తే
ఆయనకి కనిపించదా?

ఇంగ్లీషులో అన్నాను,
నాకు రెండు రోజులుగా దగ్గు.
ఇది మాత్రం ఆమెకి చెప్పకు.
ఓడ తప్పితే నా కాంట్రాక్టు పోతుంది.
ఒక్క ముక్క వదల్లేదు, బతిమాలుకోవడం కూడా.

నర్సు కాసేపు మాట్లాడలేదు.
తర్వాత "థాంక్యూ" అంది, ఎవరితోనో తెలీలేదు.
"మంచి పని చేశావు నాయనా" అని తెలుగు చేశాను.
అంత మాట ఆమె అనలేదు.
నా కొలువులో నేను చేసిన కల్తీ అదొక్కటే.

దానయ్య తిట్టలేదు.
"మా పేటలో అమ్మోరు పోత్తే
గుమ్మానికి యాపమండ కట్టీవోరు.
సుట్టాలు అది సూసి ఈధిలోంచే ఎనక్కెల్లీవోరు.
ఈల్లు నా తలుపుకేటి కట్టేరో
నోపలున్నోడికి అవుపడదు గదా."

ఏమంటున్నాడు, అంది నర్సు.
వేపకి ఇంగ్లీషుంది, అమ్మవారికి లేదు.
"నా తలుపు మీద ఏముంది?" అన్నాను.
ఎర్ర స్టిక్కరు.
"ఎరుపా! మా తల్లి రంగే" అని నవ్వాడు,
నవ్వు దగ్గులోకి జారింది.
దాన్ని తర్జుమా చెయ్యమని ఎవరూ అడగలేదు.

మూడింటికి సముద్రం మీంచి గాలి లేస్తుంది.
ఈ ఊరివాళ్లు దాన్ని డాక్టరంటారు.
ఫ్రీమాంటిల్ డాక్టరు వచ్చాడు,
మా పెరట్లో దుప్పట్లు ఎగరేశాడు.
ఆ హోటలు అద్దాల దగ్గర మాత్రం
తలుపు తట్టి తట్టి
తిరిగి వెళ్లిపోయి ఉంటాడు.

దానయ్య ఏమయ్యాడో తెలీదు.
ఫోను పెట్టేశాక కాగితం చింపెయ్యాలి మేము.

సరిహద్దులు తెరిచారు.
రాత్రి పదింటి విమానానికి
పెట్టె సర్దుకుంటూ మధ్యాహ్నం నుంచే
కుళాయి తిప్పి, ఆ చప్పుడులో దగ్గుతున్నాను.
మాత్ర వేసుకున్నాను. ఒళ్లు చల్లబడింది.

కౌంటరు దగ్గర పిల్ల, ముక్కు కిందికి జారిన మాస్కు,
తలెత్తకుండానే అడిగింది:
దగ్గు గానీ, జ్వరం గానీ?
మధ్యలో దుబాసీ లేదు.

నాలుగు సెకన్లు.

"నాకు" అన్నాను.
పెట్టె అప్పటికే బెల్టు మీద కదిలింది.
చెయ్యి చాపి
నేనే దింపుకున్నాను.